రెండు వేల గుండ్లు

మా పార్కులో ప్రతి ఆదివారం ఉదయం ఏడు గంటలకు నడక మొదలవుతుంది. యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళ గౌరవార్థం కట్టిన పార్కు కాబట్టి జనం కాస్త గంభీరంగా నడవాలని మా శాఖవారి కోరిక. నడిపించేది నేను. పది మజిలీలు, గంటన్నర సమయం, చివర్లో మంచినీళ్ళు. అసలు గొడవంతా ఆ మంచినీళ్ళ దగ్గరే మొదలైంది.

ఈ ఉద్యోగానికి ముందు ఇరవై రెండేళ్ళు నేను బస్టాండులో మైకు ముందు కూర్చున్నాను. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఊరంతా నా గొంతుతోనే విన్నది. ఆ గొంతు వినే పార్కువాళ్ళు నన్ను పిలిచి ఉద్యోగమిచ్చారు. గొంతైతే ఉంది గానీ చరిత్ర మనకెక్కడ తెలుసు? వాళ్ళిచ్చిన కాగితంలో ఒక్కో మజిలీకి రెండేసి ముక్కలున్నాయి. రెండు ముక్కలతో జనాన్ని గంటన్నర ఎలా నడిపించడం? అందుకని అక్కడక్కడా కాస్త ఉప్పూ కారం వేశాను.

ఎక్కువ కారం పడింది ఎనిమిదో మజిలీలో. అక్కడ ఒక నల్లటి ఫిరంగి ఉంటుంది. దాని పక్కనే మోకాలెత్తు రాయి. రాయి మీద ఒక పేరు, పేరు కింద ఒకే ఒక్క వాక్యం: "యుద్ధకాలంలో రెండు వేల గుండ్లు కొట్టిన వీరుడు." మొదటి ఏడాది నేను అది చదివి ముందుకు కదిలేదాన్ని. రెండో ఏడాది ఆ వీరుడు ఈ ఫిరంగి పక్కన ఒంటరిగా నిలబడ్డాడు. మూడో ఏడాది మూడు రోజులు తిండి మానేశాడు. నాలుగో ఏడాది చేతులు కాలినా వెనక్కి తగ్గలేదు. ఆరో ఏడు వచ్చేసరికి శత్రు సేనాపతి దూరంగా కొండ మీద నిలబడి ఆయనకు సెల్యూట్ కొట్టడం మొదలుపెట్టాడు. ఇందులో అబద్ధమేమీ లేదని, ఉన్న విషయాన్నే కొంచెం పెంచానని నాకు నేను చెప్పుకునేదాన్ని.

ఈమధ్య మాకు కొత్త అధికారి వచ్చాడు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక స్టీలు టేపు ఉంటుంది. బెంచీ కనబడితే బెంచీని కొలుస్తాడు, గుంత కనబడితే గుంతని కొలుస్తాడు. పనివాళ్ళు ఆయనకు టేపుసారని పేరు పెట్టారు. ఎడమ చెవి పక్కన మిగిలిన నాలుగు వెంట్రుకలని పెంచి, కుడి చెవి దాకా దువ్వి, బట్టతల మీద పరుచుకుంటాడు. గాలి వీచిందంటే ఆయన చెయ్యి టేపు వదిలి నెత్తి మీదికి పోతుంది.

ఆ శనివారం టేపుసారు నన్ను ఆఫీసుకి పిలిచి, పార్కు పటం బల్ల మీద పరిచాడు.

"చివర్లో కుళాయి పెడుతున్నాం కదమ్మా. నీళ్ళ పైపు ఎనిమిదో మజిలీ మీదుగానే రావాలి. అక్కడో రెండడుగుల చోటు కావాలి. ఏదో ఒకటి తీసెయ్యాలి."

"ఏది తీస్తారు సార్?"

"తప్పుడు సమాచారం ఉన్నది. రేపు మీతో నడుస్తాను. మీరు చెప్పేది వింటాను. ఎక్కడ తప్పుంటే అది పోతుంది."

నాకు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు. కొండ మీద సేనాపతిని కిందికి దించెయ్యాలని మాత్రం గట్టిగా నిర్ణయించుకున్నాను.

ఆదివారం పద్నాలుగు మంది వచ్చారు. వాళ్ళలో ఎనభై దాటిన ఒక పెద్దాయన, ఆయన్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న కూతురు ఉన్నారు. కూతురికి యాభై ఉంటాయి. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి వచ్చింది కాబట్టి కుట్టుపని అని తెలిసిపోయింది. టేపుసారు ఆ టేపు వంక గౌరవంగా చూశాడు.

నేను నోరు విప్పి "అందరికీ స్వాగతం" అన్నానో లేదో, పెద్దాయన తల పైకెత్తాడు.

"ఈ గొంతు నాకు తెలుసు. మూడో నంబరు ప్లాట్‌ఫారం!"

అందరూ నవ్వారు. నాకు ఒంటి నిండా సంతోషమేసింది. ఆరేళ్ళలో నా పాత ఉద్యోగాన్ని గుర్తుపట్టినవాడు ఆయనొక్కడే.

మొదటి మజిలీలో కంచు సైనికుడి విగ్రహం ఉంది. పెద్దాయన దాని దగ్గరగా వెళ్ళి, మెడ వెనక్కి వాల్చి, కళ్ళు చికిలించి చూశాడు.

"దీనికి జుట్టున్నట్టుందే?" అని కూతురిని అడిగాడు.

"ఉంది నాన్నా. ఉంగరాలు ఉంగరాలుగా ఉంది."

"ఈ జుట్టుతో వీణ్ణి యుద్ధానికి ఎవడు పంపాడు?" అని పెద్దాయన విసుక్కున్నాడు. "నా కళ్ళుగప్పి పోయుంటాడు."

పెద్దవాళ్ళు ఏదో ఒకటి అంటూనే ఉంటారు కదా అని నేను పట్టించుకోలేదు. మూడో మజిలీ దాటి నాలుగో దానికి నడుస్తుండగా ఆయన కూతురి చెయ్యి వదిలించుకుని నా పక్కకు వచ్చాడు.

"తల్లీ, నా రాయి ఎన్నో మజిలీలో ఉంది?"

"మీ రాయా బాబాయిగారూ?"

ఆయన తన పేరు చెప్పాడు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అది ఎనిమిదో మజిలీ రాయి మీది పేరు. ఇన్నేళ్ళుగా నేను పస్తులు పెట్టిన మనిషి, చేతులు కాల్చిన మనిషి, చొక్కా గుండీ ఒకటి తప్పు పెట్టుకుని నా పక్కన నడుస్తున్నాడు. ఎదురుగా దేవుడే వచ్చి నిలబడ్డంత పనైంది.

"మీరేనా! ప్రతి ఆదివారం మీ గురించే చెబుతానండీ."

"ఏం చెబుతావు?"

"రెండు వేల గుండ్లు కొట్టారని."

"నిజమే" అని ఆయన తృప్తిగా తలూపాడు. "చిన్న పుస్తకంలో గీతలు గీసుకునేవాణ్ణి. సబ్బు దొరకని రోజుల్లో కూడా కొట్టాను."

"సబ్బా?"

"నురగ లేకపోతే మంట పుడుతుంది కదమ్మా. పాపం, పిల్లలు పళ్ళు బిగబట్టి ఓర్చుకునేవాళ్ళు."

ఏ పిల్లలు, ఏ మంట, ఫిరంగికి నురగేమిటి అని నేను ఆలోచిస్తుండగా కూతురు మమ్మల్ని అందుకుంది.

"నాన్న సైన్యంలో బార్బర్ అక్కా. బయల్దేరే ముందు ప్రతి దళానికీ నాన్నే గుండు కొట్టాలి. పేలు పట్టకుండా, తలకి దెబ్బ తగిలితే కట్టు కట్టడానికి వీలుగా."

గుండు అంటే ఏమిటో నాకు తెలియక కాదు. మా మేనల్లుడికి చిన్నప్పుడు గుండు కొట్టించినప్పుడు నేనే ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. కానీ రాయి పక్కన ఫిరంగి పెడితే ఎవరికైనా ఏ గుండు గుర్తొస్తుంది?

"పాతికేళ్ళ కిందట ఈ పార్కు కట్టేటప్పుడు ఉత్తరం వచ్చింది" అని పెద్దాయన చెప్పుకుపోతున్నాడు. "యుద్ధంలో మీరేం చేశారో ఒక్క వాక్యంలో రాసి పంపండి అన్నారు. నేను చెప్పాను, మా ఆవిడ రాసింది. చివర్న 'వీరుడు' అన్న మాట తనే పెట్టింది. తీసెయ్యమన్నాను. నోరు మూసుకుని కూర్చోమంది. అదే చెక్కారట కదా, అక్షరం మార్చకుండా?"

"అక్షరం మార్చలేదండీ" అన్నాను. ఆ మాట మాత్రం నిజం.

"అప్పట్నుంచీ రావాలనే. కానీ నడక ఆదివారం పెట్టారు. ఆదివారం కొట్టు మూస్తే గిరాకీ అంతా పక్కవాడికి పోదూ? పోయినేడు చూపు మందగించి కత్తెర పక్కన పెట్టాక తీరిక దొరికింది. ఇప్పుడు తీరికుంది గానీ చూపు లేదు. ఏం పర్లేదు, వేళ్ళున్నాయి. రాత్రే బస్సెక్కి నాలుగు గంటలు కూర్చుని వచ్చాం. ఆవిడ మాట ఓసారి తడిమి చూసుకుని వెళ్ళిపోతా. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది."

మాకంటే ముందు వెళ్ళిన టేపుసారు ఆరో మజిలీ దగ్గర వంగి దేన్నో కొలుస్తున్నాడు. ఈయన బార్బరని తెలిసిందంటే ఫిరంగి పక్కన రాయి తప్పుడు సమాచారమైపోతుంది, రాయి పోయి పైపు వస్తుంది. నాలుగు గంటలు బస్సులో కూర్చుని వచ్చిన మనిషి భార్య రాసిన మాట తడుముకోవడానికి రాయే ఉండదు. ఇదంతా ఒకెత్తు. తన గురించి నేను చేసిన ప్రచారం ఈయన చెవిన పడితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలన్నది ఇంకో ఎత్తు.

ఐదు, ఆరు, ఏడు మజిలీల్లో నేనేం చెప్పానో నాకు గుర్తులేదు. ఏడో దాని దగ్గర అలవాటు కొద్దీ "ప్రయాణికులు గమనించవలెను" అన్నానని తర్వాత ఎవరో చెప్పారు.

ఎనిమిదో మజిలీ వచ్చింది. టేపుసారు జేబులోంచి పుస్తకం, పెన్ను తీశాడు. పెద్దాయన కూతురి చెయ్యి పట్టుకుని రాయి ముందు నిలబడ్డాడు. ఒకవైపు ఆయన, ఒకవైపు ఈయన, మధ్యలో నేను. గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

"ఎంతటి మొనగాడైనా ఈయన ముందు తల వంచాల్సిందే" అని మొదలుపెట్టాను.

టేపుసారు రాసుకున్నాడు. పెద్దాయన అవునన్నట్టు తలూపాడు.

"ఈయన చెయ్యి పడిందంటే అక్కడ ఏదీ మిగిలేది కాదు. పని పూర్తయ్యేసరికి చుట్టూ నేలంతా నల్లబడిపోయేది."

"మధ్యాహ్నానికి చీలమండల దాకా వచ్చేది" అన్నాడు పెద్దాయన.

"బూడిదా?" అని అడిగాడు టేపుసారు.

"అంతా కలిపి ఊడ్చేవాళ్ళం బాబూ."

నాకు ధైర్యం వచ్చింది. గొంతు కొంచెం పెంచాను. "వరసగా వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఒక్కొక్కరి పనీ చిటికెలో ముగించాడు. అయినా సరే, అనవసరంగా ఒక్క రక్తపు చుక్క చిందించలేదు."

అక్కడితో ఆపి ఉంటే గట్టెక్కేదాన్నే. కానీ పెద్దాయన నిజాయితీపరుడు.

"అబద్ధమెందుకు తల్లీ, ఒక్కసారి చిందింది. వాడు తుమ్మాడు."

"ఎవరు? శత్రువా?" అన్నాడు టేపుసారు.

"శత్రువెందుకవుతాడు బాబూ, మా వంటవాడు. చెవి వెనకాల కత్తి ఆనించానో లేదో, హాచ్చని తుమ్మాడు."

టేపుసారు పెన్ను ఆగింది. ఆయన రాయిని చూశాడు, ఫిరంగిని చూశాడు, పెద్దాయన్ని చూశాడు.

"మీరు ఈ ఫిరంగి పేల్చలేదా?"

"ఫిరంగా? ఇక్కడ ఫిరంగి ఉందా?" పెద్దాయన చెయ్యి చాచి ఆ నల్లటి ఇనుముని తాకాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వాడు. "నేనా? అది పేలితే నేను దుప్పటి కింద దూరేవాణ్ణి! నేను కొట్టింది గుండ్లు బాబూ, గుండ్లు!" అని అరచేత్తో నెత్తి చుట్టూ నిమిరి చూపించాడు.

వచ్చినవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వుదామని చూశాను గానీ మొహం సహకరించలేదు. ఆ నవ్వులోనే పెద్దాయన నవ్వు ముందుగా ఆగిపోయింది.

"అయితే నా రాయి ఇక్కడ పొరపాటున పెట్టారన్నమాట" అన్నాడు.

ఆయన ఎవరినీ తప్పుపట్టినట్టు అనలేదు. చొక్కా సర్దుకుని, వచ్చిన దారి ఎటుందా అన్నట్టు తల తిప్పాడు. నాకు ఏడుపొచ్చింది. టేపుసారు పుస్తకంలో గీత గీయడానికి పెన్ను పెట్టడం చూశాక ఆ ఏడుపు కాస్తా కోపంగా మారింది. నా కోపం సంగతి బస్టాండులో కండక్టర్లందరికీ తెలుసు.

"ఆగండి సార్! రాయి మీద ఒక్క అక్షరం తప్పుంటే చూపించండి. రెండు వేలా? లెక్క రాసుకున్నాడు. గుండ్లా? గుండ్లే. కొట్టాడా? కొట్టాడు. యుద్ధకాలమా? యుద్ధకాలమే. రాయి నిజమే చెబుతోంది. అబద్ధాలు చెప్పింది నేను. ఐదేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ నేనే గుండు కొట్టాను. లెక్కేస్తే రెండు వేలకి తక్కువుండవు. తీసెయ్యాలంటే నన్ను తీసెయ్యండి."

టేపుసారు చెడ్డవాడు కాదు, కొలతల మనిషి. రాయి ముందు వంగి ఒక్కో మాటా వేలు పెట్టి చదివాడు. చివరి మాట దగ్గర వేలు ఆపాడు.

"మిగతావన్నీ సరే. మరి 'వీరుడు'?"

"అది నా మాట కాదు బాబూ, మా ఆవిడది" అన్నాడు పెద్దాయన. "నేను మాత్రం తలలు చూశానంతే. మీరంతా ఆ సైనికుల మొహాలు చూస్తారు. నా దగ్గర అందరూ తల వంచుకునే కూర్చునేవాళ్ళు కదా, నాకు మొహాలు గుర్తులేవు. పేర్లు అడిగే తీరికుండేది కాదు. తలలు మాత్రం గుర్తున్నాయి. ఒకడికి నడినెత్తి మీద మచ్చ, చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డాడట. ఒకడికి కత్తి తగిలితే చక్కిలిగింత. ఇటు రా, చూపిస్తా."

టేపుసారు ఏమనుకున్నాడో గానీ, దగ్గరకు వెళ్ళి తల వంచాడు. ఎంతటి మొనగాడైనా అని నేను కాసేపటి కిందట అన్నమాట అప్పుడు నా కళ్ళముందే నిజమైంది. పెద్దాయన వేళ్ళు ఆ నాలుగు వెంట్రుకల్నీ సునాయాసంగా పక్కకు తోసి, వెనకవైపు మిగిలిన పలచటి జుట్టులో ఒక చోట ఆగాయి.

"నీకు రెండు సుడులు బాబూ. రెండు పెళ్ళిళ్ళవుతాయంటారు."

"ఉన్న ఒక్కదానికే ఊపిరాడట్లేదండీ" అన్నాడు టేపుసారు, తల వంచుకునే. జనం మళ్ళీ నవ్వారు.

"వాడికీ రెండు సుడులే" అన్నాడు పెద్దాయన. ఆయన చెయ్యి టేపుసారు తలమీద అలాగే ఉంది. "ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. రెండు పెళ్ళిళ్ళురా నీకు అంటే, మొదటిదానికి చెప్పకండి అన్నా అని తెగ సిగ్గుపడ్డాడు. గుండు కొట్టాక ప్రతివాడికీ ఒకే మాట చెప్పేవాణ్ణి, జుట్టు పెరిగాక మళ్ళీ రా అని. నెలన్నర పడుతుంది పెరగడానికి. నెలన్నరకి దళం తిరిగొచ్చింది. ఒక్కొక్కడూ వచ్చి కూర్చుంటున్నాడు, నేను తలలు తడుముతున్నాను. మచ్చ ఉన్నవాడొచ్చాడు. చక్కిలిగింతలవాడొచ్చాడు. రెండు సుడులవాడు రాలేదు. వరసలో చివరివాడి దాకా చూశాను."

టేపుసారు తల ఎత్తలేదు. పెద్దాయన చెయ్యి తీసి, ఆసరా కోసం పక్కనున్న ఫిరంగి మీద వేశాడు. పాత అలవాటు కాబోలు, వేళ్ళు ఊరుకోలేదు. గొట్టం పొడుగునా తడుముకుంటూ పోయి దాని నోట్లో చెయ్యి పెట్టాడు.

"ఇదేంటి తల్లీ, దీనికి నోరుంది గానీ గొంతు లేదు?"

టేపుసారు చటుక్కున నిటారుగా నిలబడ్డాడు. టేపు తీసి ఫిరంగి నోట్లోకి తోశాడు. అది టక్కుమని ఆగింది. మళ్ళీ తోశాడు, మళ్ళీ అక్కడే టక్కుమంది.

"ఆరు అంగుళాలు" అన్నాడు. "లోపలంతా ఘనం. ఇది పేలే వస్తువే కాదు. అందానికి పోతపోసిన బొమ్మ!"

పాతికేళ్ళుగా పిల్లలు ఎక్కి ఫోటోలు దిగుతున్న ఫిరంగి. ఆరేళ్ళుగా నేను శత్రువుల మీద రెండు వేల గుండ్లు కురిపించిన ఫిరంగి. దాని లోపల జానెడు ఖాళీ కూడా లేదు. టేపుసారు నా వైపు చూశాడు, నేను చెట్ల వైపు చూశాను. ఆయన పుస్తకంలో ఒక గీత కొట్టేసి, గట్టిగా చదువుతూ రాశాడు.

"ఎనిమిదో మజిలీ. ఫిరంగి: తప్పుడు సమాచారం, తొలగించవలెను. రాయి: సరిచూడబడినది." ఒక్క క్షణం ఆగి కింద ఇంకో ముక్క చేర్చాడు. "అన్ని మాటలూ."

నెత్తి మీద నాలుగు వెంట్రుకలూ అటూ ఇటూ చెదిరి ఉన్నాయి. ఆయన వాటిని సర్దుకోలేదు.

కూతురు పెద్దాయన్ని రాయి ముందు కూర్చోబెట్టింది. ఆయన ఒక్కో అక్షరం తడుముతూ చివరి మాట దాకా వెళ్ళాడు. అక్కడ చాలాసేపు ఉన్నాడు.

"తీసెయ్యమంటే విన్నదా?" అన్నాడు కూతురితో. కూతురు మెడలో టేపుతోనే కళ్ళు తుడుచుకుంది.

పదో మజిలీ గోడ. యుద్ధం నుంచి తిరిగిరానివాళ్ళ పేర్లు దాని మీద ఉన్నాయి, మూడు వందల పన్నెండు. అప్పటిదాకా నేను అక్కడ ఎక్కువసేపు ఆగేదాన్ని కాదు. జనం అలిసిపోయి ఉంటారు, ఇవీ పేర్లు, కావాలంటే ఫోటోలు తీసుకోండి అని ముగించేదాన్ని. ఆ రోజు పెద్దాయన గోడ ముందు నిలబడి నా వైపు తిరిగాడు.

"వీటిలో వాడి పేరు ఏదో ఒకటి ఉంటుంది కదమ్మా?"

"ఉంటుంది బాబాయిగారూ."

"ఏదో నాకు తెలీదు" అన్నాడు. "అడగలేదు."

నేను బస్టాండు గొంతుతో మొదటి పేరు చదివాను. తర్వాత రెండోది, తర్వాత మూడోది. ఉప్పూ కారం లేకుండా, పేరు తర్వాత పేరు, మూడు వందల పన్నెండూ చదివాను. ఏ పేరు దగ్గర తలూపాలో తెలియక పెద్దాయన ప్రతి పేరుకీ తలూపాడు.

ఇప్పుడు ఫిరంగి ఉన్నచోట పైపు వేశారు, గోడ పక్కన కుళాయి వచ్చింది. టేపుసారు ఒక సోమవారం నున్నటి గుండుతో ఆఫీసుకొచ్చాడు. ఎవరూ అడక్కముందే ఎండలెక్కువగా ఉన్నాయన్నాడు. ఎనిమిదో మజిలీలో నేను రాయి మీది వాక్యం ఒక్కటే చదివి, మీ మీ సుడులు ఎక్కడున్నాయో చూసుకోండి అంటాను. పెద్ద పెద్దవాళ్ళు కూడా నవ్వుకుంటూ తలలు తడుముకుంటారు.

పదో మజిలీలో పేర్లన్నీ చదువుతాను. దానివల్ల నడక ఇరవై రెండు నిమిషాలు ఎక్కువవుతోందని టేపుసారు కొలిచి చెప్పాడు. తగ్గించమంటారా అని అడిగాను.

"ఎవరిని తగ్గిస్తారు? వాడి పేరేంటో మనకి తెలీదు కదా" అన్నాడు.